గుత్తి పేరు, నల్లమల ప్రాణి: ఒక సాలీడు పెంపకపు చరిత్ర

వ్యాససంగ్రహం

గుత్తి పేరుతో ప్రపంచమంతటా పెంపుడు జంతువుగా అమ్ముడవుతున్న నీలి సాలీడు నిజానికి నల్లమల అడవి ప్రాణి. 1899లో ఒక రైల్వే కలప అడితిలో దొరికిన కారణంగా దానికి గుత్తి పేరు అంటుకొంది. ఈ తప్పు చిరునామా ఎలా ఏర్పడింది, అది దిద్దుబాటైన తరువాత ఆ ప్రాణికి ఏమి జరిగింది అన్న అంశాలను ఈ వ్యాసం చర్చిస్తుంది. ఖమ్మం-భద్రాచలం అడవి సరిహద్దులో కలప, బొగ్గు, రైలు మార్గాల చరిత్రను చదివే క్రమంలో కలిగిన ప్రశ్నలే దీనికి ప్రేరణ.

కీలకపదాలు: గుత్తి, నల్లమల, భద్రాచలం, సాలీడు, కలప అడితి, రైలు మార్గాలు, పెంపుడు జంతువులు, వన్యప్రాణి చట్టాలు.

ఉపోద్ఘాతం

సాలీళ్ళను పెంచుకొనే అలవాటు ఉన్నవారు ప్రపంచంలో ఎక్కువ మక్కువతో కొనే జాతుల్లో 'గుత్తి టరాంటులా' ఒకటి. శాస్త్రనామం పీసిలోథీరియా మెటాలికా. వ్యవహారనామంలోని రెండు మాటలూ ఊళ్ళ పేర్లే. ఒకటి అనంతపురం జిల్లాలోని గుత్తి. రెండోది ఇటలీ దక్షిణ తీరాన ఉన్న టరాంటో. ఈ సాలీడు సొంత ఊరు మాత్రం ఈ రెండింటిలో ఏదీ కాదు.

టరాంటో సంగతి ముందుగా చెప్పుకోవాలి. ఆ పట్టణ పరిసరాల్లో నేల బొరియల్లో ఉండే ఒక రకం సాలీడు కుడితే మనిషికి పిచ్చెత్తుతుందనీ, ఆగకుండా నృత్యం చేస్తే తప్ప విషం దిగదనీ అక్కడివారు శతాబ్దాల పాటు నమ్మారు. ఆ నమ్మకం నుండి ఒక నృత్యానికీ, ఆ సాలీడుకూ ఊరి పేరే వచ్చింది. ఐరోపావారు అమెరికా ఖండాలకు చేరినప్పుడు అక్కడ కనిపించిన రోమశమైన పెద్ద సాలీళ్ళను కూడా తమకు తెలిసిన ఆ పేరుతోనే పిలిచారు. ఇవి ఇటలీ సాలీడుకు దగ్గర చుట్టాలు కావు, వేరే కుటుంబానివి. అయినా పేరు వీటికే నిలిచిపోయింది. నేడు థెరఫోసిడే కుటుంబంలోని వెయ్యికి పైగా జాతులను లోకం టరాంటులా అంటుంటే, అసలు టరాంటో సాలీడును శాస్త్రజ్ఞులు తోడేలు సాలీళ్ళ కుటుంబంలో చేర్చారు. పేరు ఒకరిది, ఇల్లు మరొకరిది అన్నమాట.

గుత్తి విషయంలోనూ ఇదే జరిగింది. అయితే అక్కడ పేరును మోసుకువెళ్ళింది ఓడ కాదు, రైలు.

సాలీడు: తెలుగు నేల జ్ఞాపకం

పెంపకం మాట వినగానే ఇదంతా పాశ్చాత్యుల వింత సరదా అని తోసిపుచ్చడం తేలిక. తెలుగువారికి సాలీడుతో ఉన్న పరిచయం చిన్నది కాదు. సాలె అన్న మాట నేతపనిది. సాలెపురుగు అంటే నేసే పురుగు. ఒక వృత్తి పేరును పురుగుకు పెట్టిన భాష ఆ పురుగు పనితనాన్ని గుర్తించినట్లే. శ్రీకాళహస్తి క్షేత్రనామంలో శ్రీ అంటే సాలీడు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. మూడింటిలో మొదటి స్థానం సాలీడుది. లింగం చుట్టూ దారాలతో గుడి కట్టిన సాలీడు, దీపజ్వాల ఆ గుడిని కాల్చివేయగా ఆగ్రహంతో మంటనే మింగబోయిందన్న స్థలపురాణ కథను పదహారో శతాబ్దిలో ధూర్జటి కావ్యవస్తువుగా స్వీకరించాడు.

మరోవైపు వైద్యగ్రంథాల్లో సాలీడు భయకారకం. సుశ్రుతసంహిత కల్పస్థానంలో లూతలు పదహారు రకాలని చెప్పి, వాటిలో ఎనిమిది కష్టసాధ్యాలనీ, ఎనిమిది అసాధ్యాలనీ విభజించారు. విశ్వామిత్రుని మీద కోపించిన వసిష్ఠుని నుదుటి చెమట కోసిన గడ్డిమీద పడగా లూతలు పుట్టాయన్న ఉత్పత్తి కథ కూడా అక్కడే ఉంది. కోసిన గడ్డి అన్న మాటకూ లూత అన్న మాటకూ ఆ గ్రంథం ముడిపెట్టింది. భక్తి, భయం రెండూ ఉన్నాయి గాని, సాలీడును గాజుపెట్టెలో పెట్టుకొని చూసుకోవాలన్న కోరికకు ఈ సంప్రదాయంలో చోటు కనిపించదు. ఆ కోరిక వేరే దారిన వచ్చింది.

1705లో మరియా సిబిల్లా మెరియన్ అనే జర్మన్ చిత్రకారిణి సురినామ్ కీటకాలపై వెలువరించిన గ్రంథంలో, జామకొమ్మపై ఒక పెద్ద సాలీడు చిన్న పిట్టను తింటున్న చిత్రం ఉంది. ఒక స్త్రీ చెప్పిన మాట గదా అని చాలాకాలం దానిని నమ్మనివారు ఉన్నారు. 1758లో లినేయస్ మాత్రం ఆ రకం సాలీడుకు పిట్ట అన్న అర్థం వచ్చే లాటిన్ పేరునే పెట్టాడు. పెద్ద సాలీడు చూడదగిన వస్తువుగా, సేకరించదగిన వస్తువుగా మారడానికి ఇటువంటి చిత్రాలూ, మ్యూజియం అరలూ దారి వేశాయి.

కలప అడితిలో దొరికిన నీలం

మద్రాసు రైల్వే వాయవ్య మార్గం అరక్కోణం నుండి కడప, తాడిపత్రి, గుత్తి మీదుగా సాగి 1871లో రాయచూరు వద్ద బొంబాయి నుండి వచ్చిన మార్గాన్ని కలుసుకొంది. దాదాపు ఇరవై ఏళ్ళ తరువాత, 1890 ప్రాంతానికి, గుంతకల్లు నుండి నంద్యాల, గిద్దలూరు మీదుగా బెజవాడ వైపు మీటరు గేజి మార్గం సిద్ధమైంది. ఈ మార్గం నల్లమల కొండలను నడుమ చీల్చుకొని పోతుంది. లోయల మీద ఎత్తైన ఇనుప వంతెన, కొండ కడుపులో సొరంగం ఆ కాలపు నిర్మాణాలే. పట్టాల కింద వేసే స్లీపర్లకు కలప కావాలి. ఆనాటి ఇంజన్లలో చాలా వాటికి కట్టెలే ఇంధనం. వంతెనలకు, స్టేషన్లకు, కూలీల పాకలకు కూడా దుంగలు కావాలి. అడవి మీదుగా పోయే రైలు అడవిని మోసుకుపోయే రైలు కూడా అయింది.

గుత్తి పరిసరాలు తెలిసినవారికి ఇక్కడ ఒక సందేహం తప్పక కలుగుతుంది. అది బండరాళ్ళ కొండల సీమ. కోట ఉన్న గుట్ట మీద గాని, చుట్టూ ఉన్న మెట్టనేలల్లో గాని ముళ్ళపొదలే ఎక్కువ, మహావృక్షాలు లేవు. పీసిలోథీరియా ప్రజాతి సాలీళ్ళు నేలమీద ఉండేవి కావు, పాత చెట్ల తొర్రల్లో దారపు గూడు అల్లుకొని బతికేవి. తొర్రలు లేని సీమలో తొర్ర సాలీడు ఎలా దొరికింది?

జవాబు రైల్వే కలప అడితిలో ఉంది. ఆ అడితిలో దొరికిన ఒకే ఒక ఆడ సాలీడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం సహజచరిత్ర విభాగానికి చేరింది. అక్కడ పనిచేస్తున్న రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ 1899లో ఈ ప్రజాతి మొత్తంపై రాసిన వ్యాసంలో దానిని కొత్త జాతిగా వర్ణించి, లోహపు మెరుపును బట్టి మెటాలికా అని పేరు పెట్టాడు. దొరికిన చోటు గుత్తి అని నమోదైంది. నమోదులో అబద్ధం ఏమీ లేదు. అది దొరికింది గుత్తిలోనే. అయితే ప్రాణిశాస్త్రంలో తొలి నమూనా దొరికిన చోటును ఆ జాతికి ఆదిస్థానంగా లెక్కిస్తారు. దుంగతోపాటు రైలెక్కి వచ్చిన ప్రాణికి దిగిన స్టేషనే పుట్టిల్లుగా స్థిరపడింది.

చరిత్ర పరిశోధకులకు ఇది కొత్త అనుభవం కాదు. ఒక శాసనం దొరికిన ఊరు, అది వేయించిన ఊరు ఒకటి కాకపోవచ్చు. ఒక రాగిరేకు పొలంలో బయటపడితే, దానం చేసిన గ్రామం అక్కడికి యోజనాల దూరంలో ఉండవచ్చు. లభ్యస్థానాన్ని మూలస్థానంగా పొరబడకూడదన్నది మనం తొలిపాఠంగా నేర్చుకొనే సూత్రం. సాలీడు విషయంలో ఆ సూత్రం వర్తిస్తుందని గ్రహించడానికి ఒక శతాబ్దం పట్టింది. ఇంకొక సంగతి కూడా ఉంది. ఆ వర్ణనకు ఆధారం అడవి కాదు, అడితి. నల్లమలలో తరతరాలుగా తేనె తీస్తూ, ప్రతి చెట్టు తొర్రనూ తడిమి చూసే చెంచుల మాట దానిలోకి రాగల దారే లేకపోయింది. తేనె కోసం తొర్రలో చేయి పెట్టేవాడికి ఆ తొర్రలో ఇంకెవరు ఉంటారో తెలియకుండా ఉండదు.

పోకాక్ 1904 నుండి 1923 వరకు లండన్ జంతుప్రదర్శనశాలకు పర్యవేక్షకుడుగా పనిచేశాడు. నీలి సాలీడుకు పేరు పెట్టిన మనిషి ఉద్యోగ జీవితం బోనుల మధ్య సాగడం యాదృచ్ఛికమే అయినా, తరువాత జరిగినది తెలిసినవారికి ఆ యాదృచ్ఛికం గుర్తుండిపోతుంది.

నూట రెండేళ్ళ మౌనం

1899 తరువాత ఈ జాతి గురించి కొత్త సమాచారం లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు పట్టణాల మధ్య అడవిలో అది సజీవంగా కనిపించింది. గుత్తికి అది వంద కిలోమీటర్లకు పైబడిన దూరం. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దీనిని అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జాతిగా ఎర్ర జాబితాలో చేర్చింది. అప్పటికి తెలిసిన ఆవాసం ఒక్కటే, విస్తీర్ణం వంద చదరపు కిలోమీటర్ల లోపు, అదీ నరుకుడుకు గురవుతున్న అడవి. పెంపుడు జంతువుల వ్యాపారాన్ని కూడా ప్రమాద కారణాల్లో ఒకటిగా పేర్కొన్నారు.

ఇక్కడ ఒక అనుమానాన్ని పాఠకుల ముందుంచుతున్నాను. తప్పు చిరునామా నూట రెండేళ్ళ పాటు ఈ ప్రాణిని కాపాడి ఉండవచ్చు. సేకరణకర్త ఎవరైనా గుత్తికి వచ్చి వెదికితే దొరికేది బండలూ ముళ్ళకంపలే. చిరునామా సరిదిద్దిన తరువాత కొద్ది సంవత్సరాల్లోనే ఐరోపా, అమెరికా పెంపకందారుల ఇళ్ళలో ఈ సాలీడు కనిపించసాగింది. విద్వత్తు చేసిన దిద్దుబాటు వ్యాపారానికి దారిపటంగా ఉపయోగపడింది. దీనిని నిరూపణగా కాక ఊహగానే చెబుతున్నాను. కాని రెండు ఘటనల మధ్య కాలవ్యవధి చాలా తక్కువ.

గాజుపెట్టెలో

పెద్ద సాలీళ్ళను ఇంట్లో పెంచే అలవాటు ఐరోపాలో, అమెరికాలో ఇరవయ్యో శతాబ్ది చివరి మూడు దశాబ్దాల్లో బలపడింది. మొదట ఎక్కువగా అమ్ముడైంది మోకాళ్ళు ఎర్రగా ఉండే మెక్సికో సాలీడు. నెమ్మదిగా కదిలే స్వభావం, ఎండునేలకు అలవాటైన శరీరం, ఆడదైతే రెండు దశాబ్దాలకు పైగా బతికే ఆయుస్సు దానిని జనప్రియం చేశాయి. మెక్సికో కొండల్లో దాని సంఖ్య ఎంతగా తగ్గిందంటే, 1985లోనే దానిని అంతర్జాతీయ వన్యజీవ వ్యాపార ఒప్పందమైన సైటిస్ రెండో అనుబంధంలో చేర్చవలసి వచ్చింది.

గుత్తి సాలీడు వేరే స్వభావం గలది. కాళ్ళు చాచితే పదిహేను సెంటీమీటర్లు దాటుతుంది. ఒళ్ళంతా ముదురు నీలం, కాళ్ళపై పసుపు మచ్చలు. ఈ నీలం రంగుపదార్థం వల్ల వచ్చినది కాదు. వెంట్రుకల లోపలి అతిసూక్ష్మ నిర్మాణం కాంతిని చెదరగొట్టడం వల్ల కలిగే మెరుపు అది. 2015లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం ఈ కుటుంబపు సాలీళ్ళలో నీలం కనీసం ఎనిమిది సార్లు వేర్వేరుగా పరిణమించింది. సాలీళ్ళకు రంగులను విడదీసి చూడగల చూపు పెద్దగా లేదని భావిస్తున్న నేపథ్యంలో ఈ నీలం ఎవరి కోసమన్నది ఇంకా చర్చనీయమే. మనిషి కన్ను మాత్రం దానికి వెల కట్టింది.

పెంపకందారులు దీనికి వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువగా ఉన్న పెట్టెను వాడతారు. చెట్టు తొర్రకు బదులుగా బోలుగా ఉన్న బెరడు ముక్కను నిలువుగా నిలబెడతారు. అడుగున తేమ నిలవడానికి తరచుగా కొబ్బరిపీచు పొడి పరుస్తారు. మన కొబ్బరితోటల పొట్టు విదేశాలకు పోయి, మన అడవి సాలీడుకు పరుపైన సందర్భాలూ ఉండే ఉంటాయి. చిన్న నీటిపళ్ళెం, గాలి ఆడేందుకు సన్నని రంధ్రాలు, వారానికి ఒకటి రెండు కీచురాళ్ళు లేదా బొద్దింకలు చాలు. పగలంతా బెరడు వెనుకే ఉంటుంది. దీపాలు ఆర్పిన తరువాత బయటికి వస్తుంది. కుబుసం విడిచే ముందు రోజుల తరబడి తిండి మానుతుంది. కొత్త చర్మం గట్టిపడేవరకు దాని దగ్గర బతికిన పురుగును వదలకూడదు, ఆ పురుగే దానిని కొరికి చంపవచ్చు. చేతిలోకి తీసుకోదగిన ప్రాణి కాదు. కదిలిందంటే కన్ను పట్టనంత వేగం. అమెరికా ఖండాల సాలీళ్ళలో చాలా వాటికి ఉన్న దురదపుట్టించే వెంట్రుకలు దీనికి లేవు. ఆ లోటును విషంతో పూడ్చుకొంది. కాటు వల్ల మరణించిన దాఖలా లేదు గాని, తీవ్రమైన నొప్పి, కండరాలు పట్టేయడం కొందరిలో రోజుల తరబడి ఉంటాయి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు.

ఆడది పదేళ్ళకు పైగా బతుకుతుంది. మగది పెరిగి పెద్దదయ్యాక జోడును వెదుక్కుంటూ తిరిగి, మూడు నాలుగేళ్ళ వయసుకే ముగిసిపోతుంది. పెంపకందారులు మగదానిని ఆడదాని పెట్టెలోకి వదిలి కలిపిస్తారు. గుడ్లసంచిలో వంద వరకు పిల్లలు ఉండవచ్చు. వాటిని చిన్న సీసాల్లో ఒక్కొక్కటిగా పెట్టి అమ్ముతారు. మొదట్లో చాలా ఖరీదైన ఈ సాలీడు, పెట్టెల్లో పిల్లలు పెట్టడం మొదలయ్యాక చవకబడింది. ఈ జాతి ఎన్ని గుడ్లు పెడుతుంది, ఎంతకాలం బతుకుతుంది, పిల్లలు ఏ వయసులో రంగు తిరుగుతాయి వంటి వివరాల్లో అధికభాగం మనకు తెలిసింది ఈ గాజుపెట్టెల నుండే. అడవిలో చేసిన పరిశీలనలు వేళ్ళమీద లెక్కపెట్టదగినవి. పెంపకందారులను నిందించే ముందు ఈ రుణాన్ని ఒప్పుకోవాలి.

అయితే వారు తరచుగా చేసే వాదన ఒకటుంది. పెట్టెల్లో పుట్టినవాటినే అమ్ముతున్నాం గనుక అడవికి నష్టం లేదని వారంటారు. ఈ వాదనలో ఒక కాలక్రమ దోషం ఉంది. పెట్టెల్లో పుట్టినవాటికి ముందు తరం ఎక్కడో అడవి నుండి రావాలి. వంద చదరపు కిలోమీటర్ల లోపు మిగిలిన జాతి విషయంలో ఆ మొదటి కొన్ని ప్రాణులే పెద్ద సంఖ్య. పెట్టెల్లోని వంశాలు ఒకే రక్తంతో బలహీనపడినప్పుడు కొత్త రక్తం కోసం చూపు మళ్ళీ అడవి వైపే తిరుగుతుంది. పైగా ఈ వ్యాపారంలో కదిలిన సొమ్ముతో నల్లమలలో ఒక్క తొర్రచెట్టు నిలిచిందన్న ఆధారం లేదు.

చట్టం ఆలస్యంగా చూసింది

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్ళలో సీతాకోకచిలుకలకు చోటు దొరికింది గాని, సాలీళ్ళకు చాలాకాలం దొరకలేదు. అంటే చెట్టు నరికితే అటవీ చట్టం కింద నేరం, తొర్రలోని సాలీడును విడిగా పట్టుకుపోతే దానికి పేరు పెట్టి శిక్షించే నిబంధన లేదు. 2019లో పీసిలోథీరియా ప్రజాతి అంతటినీ సైటిస్ రెండో అనుబంధంలో చేర్చాలని ప్రతిపాదించింది శ్రీలంక, అమెరికా సంయుక్త రాష్ట్రాలు. ఈ ప్రజాతికి భారత్, శ్రీలంకలు రెండే పుట్టిళ్ళు. ఆ సమావేశం కొలంబోలో జరగవలసి ఉండగా, ఆ ఏటి ఈస్టర్ బాంబుదాడుల కారణంగా జెనీవాకు మారింది. ప్రతిపాదన నెగ్గింది, నవంబరు 26 నుండి అమలులోకి వచ్చింది. 2022లో మన చట్టానికి జరిగిన సవరణ సైటిస్ జాబితాల్లోని జీవుల కోసం కొత్త అధ్యాయాన్నీ, నాలుగో షెడ్యూలునూ చేర్చింది. అటువంటి జీవులను ఇంట్లో ఉంచుకొన్నవారు నమోదు చేయించుకోవాలన్న నియమాలు 2024 ఫిబ్రవరిలో వెలువడ్డాయి.

ఈ ప్రయాణం ఒకవైపే సాగుతోందని అనుకోనక్కరలేదు. 2021 జులైలో చెన్నై విమానాశ్రయ కస్టమ్స్ అధికారులు పోలెండు నుండి వచ్చిన ఒక పార్సెలును విప్పితే, వెండి రేకులో, దూదిలో చుట్టిన చిన్న సీసాల్లో 107 సాలీళ్ళు ప్రాణాలతో కనిపించాయి. అవి మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల రకాలు. వాటిని తిరిగి పోలెండుకే పంపించారు. నల్లమల సాలీడు పడమటికి పోయిన దారినే మెక్సికో సాలీడు తూర్పుకు వస్తోంది. 2022లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ప్రపంచంలో వ్యాపారంలో ఉన్న సాలీళ్ళు, తేళ్ళు మొదలైనవి 1,264 జాతులు.

భద్రాచలం అంచున

ఖమ్మం-భద్రాచలం అడవులను చదివేవారికి గుత్తి అడితి కథ పరాయిది కాదు. 1871 ఇక్కడ కూడా గుర్తుంచుకోదగిన సంవత్సరం. దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట కట్టి గోదావరి ఎగువకు పడవలు నడపాలన్న పథకాన్ని ఆంగ్ల ప్రభుత్వం విరమించుకొన్నది ఆ ఏడాదే. భారత భూగర్భ సర్వే ఉద్యోగి విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించింది కూడా ఆ ఏడాదే. భద్రాచలం యాత్రకు పోతున్నవారు పొయ్యికి పెట్టిన నల్లరాళ్ళు అంటుకొన్నాయని ఈ ప్రాంతంలో చెప్పుకొనే కథ సింగరేణి చరిత్రకు నాందిగా నిలిచింది. 1889 నుండి సాగిన బొగ్గు తవ్వకం రైలింజన్లకు కట్టెల అవసరాన్ని క్రమంగా తగ్గించింది. కాని గని పైకప్పు కూలకుండా నిలబెట్టే దుంగలు మళ్ళీ అడవి నుండే రావాలి. ఏజెన్సీ టేకు, వెదురు తెప్పలుగా గోదావరి మీద రాజమహేంద్రవరం చేరేవి.

భద్రాచలం తాలూకా 1874లో మధ్యపరగణాల నుండి మద్రాసు రాజధానికి, 1959లో తూర్పు గోదావరి నుండి ఖమ్మం జిల్లాకు, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు మారింది. నడుమ 2014లో కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. ప్రతి మార్పులోనూ దస్త్రాలు ఒక కచేరీ నుండి మరొక కచేరీకి కదిలాయి. ఆ దస్త్రాలు దుంగలను లెక్కించాయి, ఘనపుటడుగులు కట్టాయి, సీనరేజి వసూలు చేశాయి. దుంగలో వచ్చినదానిని లెక్కించే గడి వాటిలో లేదు. గుత్తి అడితిలో ఎవరో ఒకరు వంగి చూశారు గనుక ఒక జాతి పేరు మిగిలింది. గోదావరి ఒడ్డు అడితుల్లో తెప్పల మీద దిగిన దుంగల మధ్య ఎవరూ వంగి చూడకపోతే అక్కడ ఏ ప్రాణీ లేదని అర్థం కాదు.

అటవీశాఖ పాత పనివిధానంలో అడవిని బాగుచేసే నరుకుడు అని ఒకటుండేది. వంకర చెట్లు, పుచ్చిన చెట్లు, తొర్రపడిన చెట్లు కలపకు పనికిరావు గనుక వాటిని తొలగించి నిటారైన టేకుకు చోటు చేయడం దాని ఉద్దేశం. కలప లెక్కలో పనికిరానిదిగా తేలిన ఆ తొర్రచెట్టే తొర్ర సాలీడుకు ఇల్లు. తొర్ర ఏర్పడడానికి దశాబ్దాలు పడుతుంది. తొర్రలు కరువైన చోట పీసిలోథీరియా సాలీళ్ళు ఒకే తొర్రలో గుంపుగా సర్దుకొని ఉండడం కనిపిస్తుంది. తమలో తాము తినే అలవాటున్న ప్రాణులు అలా సర్దుకుంటున్నాయంటే, ఇళ్ళ కొరత ఎంతటిదో ఊహించవచ్చు.

ఈ సరిహద్దులో తొర్రచెట్లు మిగిలిన చోట్లలో కోయల చేలు కూడా ఉన్నాయి. పోడు కొట్టినా ఇప్పచెట్టును కొట్టరు. పూవు, పలుకు రెండూ ఇంటికి ఆధారం. చేను మధ్య నిలిచిన ఇప్పకు వయసు వస్తుంది, కొమ్మ విరిగిన చోట తొర్ర పడుతుంది. సాలీడు కోసం కాకపోయినా సాలీడుకు పనికివచ్చే చెట్టు ఇలా నిలుస్తోంది.

చిరునామా సమస్య ఇక్కడికి వచ్చేసరికి పరిశోధకుడి సమస్యగా మారుతుంది. 2017లో సైన్స్ పత్రికలో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు, అరుదైన జీవులు దొరికిన స్థలాల కచ్చితమైన వివరాలను ప్రచురించడం వాటిని వేటాడేవారికి సాయపడుతోందని హెచ్చరించారు. మన శాస్త్రంలో ఆధారం చూపని మాటకు విలువ లేదు. ఊరు, పొలం, దిక్కు చెప్పని శాసనాన్ని ఎవరూ నమ్మరు. ఈ రెండు ధర్మాలకూ మధ్య రాజీ ఎక్కడ కుదురుతుందో నాకు స్పష్టంగా తోచలేదు. అందువల్ల జరిగినది మాత్రం చెబుతాను.

ఈ వ్యాసం కోసం కలప దారుల వివరాలు సేకరిస్తూ తిరిగినప్పుడు, అడవి అంచున ఒక చేనులో ముసలి ఇప్పచెట్టు తొర్ర అంచుకు దట్టమైన తెల్లని దారపు పొర కనిపించింది. చీకటి పడ్డాక దీపం వేస్తే, ఆ పొర చివర రోమశమైన రెండు కాళ్ళ కొనలు బయటికి వచ్చి ఆగాయి. జాతి ఏదో తేల్చాలంటే దానిని బయటికి లాగాలి. వెంట వచ్చిన చేను యజమాని, వయసులో పెద్దాయన, "వద్దు అయ్యా, దాని ఇంట్లో దాన్ని ఉండనీండ్రి. తెల్లారి పూలేరుకోవాల్నంటే మేమే ఈ చెట్టు కిందికి రావాలె" అన్నాడు. ఫొటో తీయలేదు. ఆ ఊరి పేరు నా దినచర్య పుస్తకంలో ఉంది. ఇక్కడ రాయడం లేదు.